ఆదివారమే తలపోటు.. అత్తారింటి వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. వారమంతా ఎంత పనున్నా తల బాగానే ఉంటుంది. ఆదివారం బస్సెక్కి వజ్రపుకొత్తూరు దగ్గర అత్తవారి ఊరు వెళ్తామా, పదకొండయ్యేసరికి కుడి కణత దగ్గర పోటు మొదలు. మధ్యాహ్నానికి వాంతి. పిల్లల అరుపులు, టీవీ, చుట్టాల పలకరింపులు ఏవీ భరించలేను. నెలకు మూడు ఆదివారాలు ఇదే వరస. మామూలు రోజుల్లో ఉదయం 5.30కి కాఫీ, 8కి టిఫిన్, స్కూల్లో రెండు టీలు (చివరిది సాయంత్రం 4కి). శనివారం రాత్రి 9కి భోంచేసి, టీవీ చూసి ఒంటిగంటకు పడుకుంటాను. ఆదివారం 8.30కి లేస్తాను. టిఫిన్ అక్కడికెళ్లాకే అనుకుంటాం గానీ చివరికి రెండింటికి భోజనమే. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ల వేసుకుంటే సాయంత్రానికి తగ్గుతుంది. మామగారు మోకాళ్ల నొప్పులకు రోజూ అదే బిళ్ల వాడుతున్నారు. ‘ఇక్కడికొస్తేనే నీకు తలనొప్పి’ అని అత్తగారి దెప్పుడు. ఇది ఏమిటి?
- ఓ పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఒకవైపే పోటు, వాంతి, శబ్దం భరించలేకపోవడం.. మీరు రాసినవన్నీ మైగ్రేన్ లక్షణాలే. మన పెద్దలు పార్శ్వపు నొప్పి అనేది దీన్నే. ఇందులో నటన లేదు, అత్తారిల్లు కారణమూ కాదు. మీరు రాసిన వేళలే అసలు సంగతి చెబుతున్నాయి.

ముందు కాఫీ లెక్క చూడండి. మామూలు రోజుల్లో సాయంత్రం 4 నుంచి మర్నాడు 5.30 వరకు, అంటే పదమూడున్నర గంటలు కెఫీన్ (కాఫీ, టీల్లో ఉండే ఉత్తేజకం) లేకుండా ఉంటున్నారు. ఆదివారం అది పదహారున్నర గంటలు అవుతోంది. రోజూ తాగేవాళ్లకు చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల మధ్య కెఫీన్ అందని తలనొప్పి మొదలవుతుంది. 8.30కి తాగినా, అప్పటికే రాజుకున్న మైగ్రేన్ ఆ కప్పుతో చల్లారదు. తిండి సంగతి ఇంకా అన్యాయం. రాత్రి 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా పదిహేడు గంటల పస్తు! ఏకాదశి ఉపవాసమైనా చెప్పి చేస్తారు. దీనికితోడు నిద్ర వేళ మూడు గంటలు జరిగింది. మైగ్రేన్ ఉన్న మెదడుకు నిద్ర తక్కువైనా పడదు, ఎక్కువైనా పడదు. వారమంతా ఉన్న ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోయిన తొలి గంటల్లో కూడా నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ.

కాబట్టి ఆదివారం కూడా ఆరు, ఆరున్నరకల్లా లేచి కాఫీ తాగండి. బద్ధకంగా ఉంటే కాసేపు నడుం వాల్చండి గానీ, కాఫీ వేళ తప్పించొద్దు. బస్సెక్కే ముందే రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు చోడి (రాగి) అంబలో కడుపులో పడాలి. మధ్యాహ్నం కునుకు అరగంట మించకుండా చూసుకోండి.

బస్సులో ముందు వైపు, ఎండ పడని పక్కన కూర్చోండి. ఫోన్ చూడొద్దు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ప్రయాణంలో కడుపులో తిప్పడం మామూలే, ఫోన్ చూస్తే అది రెట్టింపవుతుంది. లీటరు నీళ్ల సీసా వెంట ఉంచుకుని దారిలోనే సగం తాగేయండి. డీజిల్ పొగ, అగరొత్తులు, ఉప్పు చేపలు వేయించే వాసన వంటివి కొందరిలో నొప్పిని రేపుతాయి. మీకు ఏది పడదో గమనించుకోండి.

అరుపులు, పలకరింపులు ఏవీ భరించలేనని రాశారు. చాలామందికి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పిల్లల గోల వల్ల చిరాకొచ్చి, ఆ చిరాకు వల్ల తలనొప్పి వచ్చిందనుకుంటారు. నిజానికి మైగ్రేన్ చాలాసార్లు నొప్పికి కొన్ని గంటల ముందే మొదలవుతుంది. కారణం లేని విసుగు, ఆవులింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలనిపించడం దాని తొలి గుర్తులు. ‘ఇంకా కారు కొనలేదా?’ అని ఏ పిన్నిగారో అడిగింది మామూలుగా నవ్వి ఊరుకునే మాటే అయినా ఆ రోజు గుచ్చుకుందంటే, తప్పు పిన్నిగారిది కాకపోవచ్చు. వెంటనే గ్లాసుడు నీళ్లు తాగి, ఏదైనా తిని, ముప్పావు గంట చీకటి గదిలో పడుకోండి. అత్తగారికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. నొప్పి వచ్చాక చెబితే సాకులా ఉంటుంది.

ఇక బిళ్ల. పోటు మొదలైన తొలి అరగంటలోనే వేసుకోవాలి. ఆలస్యమైతే మైగ్రేన్‌లో జీర్ణాశయం మందగించి, మందు ఒంటికి పట్టదు. లివర్ జబ్బు లేకుండా, 50 కిలోల పైన బరువుంటే పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్లలు రెండు ఒకేసారి వేసుకోవచ్చు. మళ్లీ వేసుకోవాలంటే కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి, రోజు మొత్తంలో 3 గ్రాములు దాటొద్దు. వాంతి ఆగడానికి వేరే బిళ్ల, పారాసెటమాల్‌కు లొంగకపోతే మైగ్రేన్ కోసమే ఉన్న ట్రిప్టాన్ రకం మందు ఉన్నాయి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు ట్రిప్టాన్ పనికిరాదు కనుక డాక్టర్ రాసిస్తేనే వాడాలి. ఏ నొప్పి బిళ్లయినా వారానికి రెండు రోజులు మించితే క్రమంగా ఆ బిళ్లే రోజూ తలనొప్పి తెచ్చిపెడుతుంది.

షాపువాళ్లు ఇచ్చిన స్ట్రిప్ తిప్పి చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ పేర్లలో ఏదైనా ఉంటే, మీ కంటే ముందు మామగారి సంగతి చూడాలి. వజ్రపుకొత్తూరు ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, మందస, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో మీకు చెప్పక్కర్లేదు. దానికి మూలకారణం ఫలానా అని ఇంకా తేలలేదు గానీ, ఈ బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం తేలిన విషయం. జీడితోటలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఉన్న మనిషి రోజూ వేసుకుంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. బీపీ మందులు కూడా వాడుతుంటే మరీనూ. ఆయనకు ఆ బిళ్ల ఆపించి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు తెలిపేది) చేయించండి. మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోవద్దు. ఉద్దానం రకం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు, కాళ్ల వాపులు రాకపోవచ్చు. మోకాళ్లకు పైపూతగా రాసే జెల్, కాపడం, తొడ కండరాల వ్యాయామం మేలు.

రెండు నెలలు ఒక నోటు పుస్తకంలో నొప్పి వచ్చిన రోజు, లేచిన వేళ, కాఫీ, తిండి, నెలసరి తేదీ, వేసుకున్న బిళ్ల రాసిపెట్టండి. వేళలు సరిచేశాక కూడా నెలకు నాలుగు రోజులు, అంతకు మించి వస్తుంటే రాకుండా ఆపే మందులు ఉన్నాయి. జనరల్ ఫిజీషియన్‌ను కలవండి, వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి. అయితే ఎన్నడూ లేనంత తీవ్రంగా ఉన్నట్టుండి తల పగిలేలా వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా పుస్తకం సంగతి పక్కనపెట్టి అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మీరు రాయని విషయం ఒకటి ఉంది. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తున్నాయా? అవి ఉండి, గర్భనిరోధక మాత్రలు కూడా వాడుతుంటే డాక్టర్‌కు ముందుగా అదే చెప్పండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు అలాంటి వాళ్లలో పక్షవాతం ముప్పు పెంచుతాయి. వాటి బదులు వేరే పద్ధతి సూచిస్తారు.