పోస్ట్‌గ్రెస్ లాగ్‌లు ఫైల్‌బీట్‌తో పంపుతుంటే టైము తేడా, క్వెరీలు ముక్కలు: ముందు డేటాబేస్ వైపు చూడండి

మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇదీ: విశాఖ ఋషికొండ ఆఫీసులో ఉబుంటు మీద పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ ఉంది, లాగ్‌లు ముంబయి క్లౌడ్‌లోని ఎలాస్టిక్‌సెర్చ్‌కు (లాగ్‌లు దాచి, వెతికిపెట్టే సర్వర్) వెళ్లాలి. లాగ్ ఫైళ్లు చదివి అక్కడికి పంపే ఏజెంట్‌గా ఫైల్‌బీట్ పెట్టారు, లాగ్‌లోని టైమును తీసుకోమని టైమ్‌స్టాంప్ ప్రాసెసర్ కూడా పెట్టారు. పొద్దున 11 గంటలకు నడిచిన క్వెరీ మొదటి లైను కిబానాలో (ఆ లాగ్‌లను బ్రౌజర్‌లో చూపించేది) సాయంత్రం నాలుగున్నరకు కనిపిస్తోంది. అదే క్వెరీ మిగతా లైన్లు మాత్రం 11 గంటల దగ్గరే విడివిడిగా పడి ఉన్నాయి.

నేను మధురవాడలో ఇలాంటి సెటప్ చూసుకుంటాను. ఈ పనికి కూర్చున్న ప్రతివాళ్లూ ఫైల్‌బీట్ యామల్ ఫైలునే తిప్పి తిప్పి రాస్తారు. నన్నడిగితే ముందు తెరవాల్సింది పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ ఫైలు.

మొదట టైము సంగతి. మీ పోస్ట్‌గ్రెస్ ప్రతి ఎంట్రీ ముందు తేదీ, టైము, పక్కన ఐఎస్‌టీ అని రాస్తోంది. ఐఎస్‌టీ అంటే మనకు ఒకటే అర్థం. కానీ ఇజ్రాయెల్‌కూ ఐర్లండ్‌కూ కూడా అదే పొట్టిపేరు. పోస్ట్‌గ్రెస్ 16 సైతం ఎవరైనా టైముకు ఐఎస్‌టీ తగిలించి ఇస్తే, సెట్టింగ్ మార్చకపోతే, ఇజ్రాయెల్ అనే అనుకుంటుంది. ఫైల్‌బీట్ గో భాషలో రాసినది. గోకు తెలియని టైమ్‌జోన్ పొట్టిపేరు తగిలితే తేడా సున్నా అనుకుని ముందుకు పోతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. అంటే మన 11 గంటలను యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) 11 గంటలుగా రాసేసింది. కిబానా దాన్ని బ్రౌజర్ టైముకు మార్చి ఇంకో అయిదున్నర గంటలు కలిపింది. రెండో లైను నుంచి టైమే లేదు కాబట్టి, ఫైల్‌బీట్ చదివిన టైము వాటికి పడింది. మీ తలనొప్పి మొత్తం ఇదే.

ప్రాసెసర్‌లో ఏషియా/కోల్‌కతా అని చెప్పినా పని జరుగుతుంది. నేనైతే పోస్ట్‌గ్రెస్‌లోనే లాగ్_టైమ్‌జోన్‌ను యూటీసీ చేస్తాను. చూసేటప్పుడు కిబానా ఎలాగూ మన టైములోనే చూపిస్తుంది. రేపు ఇంకో ఏజెంట్ పెట్టినా ఈ గొడవ మళ్లీ రాదు.

ఇక ముక్కల సంగతి. ఫైల్‌బీట్‌లో మల్టీలైన్ రాయొచ్చు: తేదీతో మొదలవని లైను కనిపిస్తే పైదానికి అతికించమని. రిపోర్ట్ టూల్స్ పుట్టించే కిలోమీటరు పొడుగు క్వెరీలు వచ్చాయంటే 500 లైన్ల డిఫాల్ట్ పరిమితి దగ్గర తెగుతుంది. మీది 16 కాబట్టి ఆ తిప్పలు అక్కర్లేదు. వెర్షన్ 15 నుంచి లాగ్_డెస్టినేషన్‌లో జేసన్‌లాగ్ ఇవ్వొచ్చు, అంటే ప్రతి ఎంట్రీనీ జేసన్ రూపంలో రాయమని. క్వెరీ ఎంత పొడుగున్నా ఫైల్లో ఒకటే లైను. దానికి లాగింగ్_కలెక్టర్ (లాగ్‌లను ఫైళ్లలోకి రాసే పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్) ఆన్‌లో ఉండాలి, అది మార్చితే రీస్టార్ట్ తప్పదు. మిగతా వాటికి రీలోడ్ చాలు.

కలెక్టర్ ఆన్ చేయగానే ఫైళ్లు డేటా డైరెక్టరీ లోపలికి వెళ్లిపోతాయి, కాబట్టి లాగ్_డైరెక్టరీని పాత చోటికే చూపించండి. ఫైల్‌బీట్ ప్యాకేజీ రూట్‌గా నడుస్తుంది కనుక పర్మిషన్ సమస్య రాదు. వేరే యూజర్‌తో నడిపితే లాగ్_ఫైల్_మోడ్‌ను 0640 చేసి, ఆ యూజర్‌ను పోస్ట్‌గ్రెస్ గ్రూపులో చేర్చాలి.

ఫైల్‌బీట్ వైపు పని తక్కువే. పాత లాగ్ ఇన్‌పుట్ వద్దు, ఫైల్‌స్ట్రీమ్ వాడండి. దానికిచ్చే ఐడీని తర్వాత మార్చకండి, మారిస్తే ఫైళ్లన్నీ మొదటి నుంచి చదివి డూప్లికేట్లు పంపుతుంది. ఎన్‌డీజేసన్ పార్సర్ (లైనుకొకటిగా ఉన్న జేసన్‌ను ఫీల్డులుగా విడదీసేది) పెట్టేటప్పుడు టార్గెట్ ఖాళీగా వదలకుండా పీజీ లాంటి పేరొకటి ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ జేసన్‌లో యూజర్ అన్నది మామూలు టెక్స్ట్, ఫైల్‌బీట్ ఇండెక్స్ టెంప్లేట్‌లో అదే పేరు ఆబ్జెక్ట్. రెండూ ఢీకొంటే ఎలాస్టిక్‌సెర్చ్ ఆ ఎంట్రీని తీసుకోదు. టైమ్‌స్టాంప్ ప్రాసెసర్ కూడా ఇకపై ఆ పీజీ కింది ఫీల్డునే చూడాలి.

మీరు అడగలేదు గానీ, మన ఊళ్లో ఉన్నవాళ్లు లింకు తెగే రోజు గురించి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులకు వచ్చాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అవతల సర్వర్ అందకపోతే ఫైల్‌బీట్ ఎక్కడిదాకా పంపిందో గుర్తుపెట్టుకుని ఆగుతుంది, లింకు రాగానే అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఈలోగా ఫైలు చెరిగిపోతే మాత్రం అందులో మిగిలింది పోయినట్టే. అందుకని ఫైలు పేర్లలో తేదీ ఉంచి, పాతవాటిని తీసేసే క్రాన్ జాబ్‌కు రెండు వారాలైనా గడువివ్వండి. ఉబుంటు లాగ్‌రొటేట్‌లో ఉండే కాపీట్రంకేట్ (ఫైలును కాపీ చేసి అసలుదాన్ని ఖాళీ చేసే పద్ధతి) ఈ ఫైళ్ల జోలికి రాకుండా చూడండి, కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య రాసిన లైన్లు మాయమవుతాయి. ఎవరైనా ఫైల్‌బీట్ లాంటిదే అయిన ఫ్లుయెంట్ బిట్‌కు మారమని సలహా ఇస్తే, తేలికైనదే, కానీ డిఫాల్ట్‌గా అది ఒక్కసారే మళ్లీ ప్రయత్నించి డేటా వదిలేస్తుంది. రీట్రై లిమిట్ తీసేసి, బఫర్‌ను డిస్క్ మీద పెట్టాకే వాడండి.

ఇంకోటి. నెమ్మది క్వెరీల కోసం లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్ ఆన్ చేస్తే, కస్టమర్ల ఫోన్ నంబర్లు కూడా పారామీటర్ల రూపంలో ముంబయి వెళ్తాయి. లాగ్_పారామీటర్_మాక్స్_లెంగ్త్ సున్నా చేస్తే ఆగుతాయి. క్వెరీ టెక్స్ట్‌లోనే నేరుగా రాసిన విలువలను అది ఆపలేదు, ఆ సంగతి డెవలపర్లతో తేల్చుకోవాలి.

అంతా పెట్టాక పీఎస్‌క్యూఎల్‌లో ఒకటిని సున్నాతో భాగించే క్వెరీ కావాలనే నడపండి. కిబానాలో 22012 అనే స్టేట్ కోడ్‌తో ఒకే ఒక్క ఎంట్రీ, మీ చేతి గడియారం టైముతో రావాలి. రాకపోతే ఫైల్‌బీట్ టెస్ట్ అవుట్‌పుట్ కమాండ్ ఏం చెప్పిందో, జేసన్ ఫైల్లోంచి ఒక లైనుతో కలిపి ఇక్కడ పెట్టండి, చూస్తాను.