నానో పేరున్న కోర్సా, మామూలు కెమిస్ట్రీయా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. పాలిమర్ పూత వేసిన ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులను ఎంఆర్‌ఐలో కాంట్రాస్ట్ ఏజెంట్‌గా, అంటే స్కాన్‌లో భాగాలు స్పష్టంగా తేడాగా కనిపించేందుకు ఇచ్చే మందుగా, వాడే విషయంపై పరిశోధన చేస్తానంటోంది. పీజీలో నానోటెక్నాలజీ చేర్పించాలా, కెమిస్ట్రీయా? బంధువుల పిల్లలంతా సాఫ్ట్‌వేర్‌లో మంచి జీతాలతో స్థిరపడ్డారు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా అసలు టెన్షన్ అది కాదు. అన్నేళ్లు చదివాక అమ్మాయి ఖాళీగా ఉండిపోతుందేమోనని మీ భయం. గట్టిగా పని నేర్చుకున్న కెమిస్ట్రీ విద్యార్థికి దారులు చాలానే ఉంటాయి. ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి.

ఇక నానో మోజు గురించి. దాని మీద నాకు అనుమానాలున్నాయి. మీ అమ్మాయి చెప్పే రకం మందే ఒకటుంది, డెక్‌స్ట్రాన్ అనే చక్కెర పాలిమర్ పూత ఉన్న ఐరన్ ఆక్సైడ్ రేణువుల ఫెరుమాక్సైడ్స్. కాలేయం స్కాన్ కోసం దానికి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాలేయంలో ఉండే కుప్ఫర్ కణాలు అనే రక్షణ కణాలు ఈ రేణువులను మింగేస్తాయి. దాంతో బాగున్న భాగం స్కాన్‌లో నల్లబడి, ఆ కణాలు లేని కణితి తెల్లగా బయటపడుతుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడండి! అయినా పదిహేనేళ్లు తిరక్కుండానే ఆ మందు మార్కెట్లో లేకుండా పోయింది. తర్వాత అదే కోవకు చెందిన ఫెరుమాక్సిటాల్‌కు 2009లో అనుమతి దొరికింది, అదీ స్కానింగ్ కోసం కాదు, కిడ్నీ జబ్బు ఉన్నవారి రక్తహీనతకు ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్‌గా. ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చని 2015లో దానిపై తీవ్రమైన హెచ్చరిక చేర్చారు. రాబోయే కాలమంతా నానోదేనని ఊదరగొట్టే బ్రోషర్లలో ఇవేవీ కనిపించవు.

అలాగని అమ్మాయి కోరిక గాలిమేడ కాదు. ఎంఆర్‌ఐలో ఎక్కువగా వాడే గడోలినియం మందులకూ, కిడ్నీలు దెబ్బతిన్న రోగుల్లో చర్మం గట్టిపడే ఒక జబ్బుకూ సంబంధం ఉందని 2006లో తేలింది. ఇనుమునైతే శరీరం వాడుకోగలదు. అందుకే ప్రత్యామ్నాయం కోసం ఇటు చూస్తున్నారు.

ఈ రేణువుల్లో ఉండే మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ తయారీ కష్టం కాదు. ఫెర్రస్, ఫెర్రిక్ అనే రెండు రకాల ఇనుము లవణాలను 1:2 పాళ్లలో కలిపి క్షారం పోస్తే నల్లటి అవక్షేపం వస్తుంది. కష్టమంతా పూతలోనే ఉంది. పూత సరిగా లేకపోతే రేణువులు గడ్డకడతాయి. రక్తంలోకి వెళ్లగానే ప్రొటీన్లు అంటుకుని, కాలేయం వాటిని త్వరగా లాగేసుకుంటుంది. పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) లాంటి పాలిమర్ దాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. ప్రతి బ్యాచ్‌లో అదే సైజు, అదే పూత రావాలి. ఈ విద్య చేతికొస్తే కాంట్రాస్ట్ ఏజెంట్లే దిక్కని ఉండనక్కర్లేదు. మందుల ఫార్ములేషన్, వ్యాక్సిన్లు, డయాగ్నస్టిక్ కిట్లు, చివరికి పెయింట్ల తయారీలోనూ పనికొస్తుంది.

కాబట్టి పీజీ కెమిస్ట్రీలోనో, మెటీరియల్స్ సైన్స్‌లోనో చేయించండి. నానో సంగతి ప్రాజెక్టులో, పీహెచ్‌డీలో చూసుకోవచ్చు. మంచి ల్యాబ్, రేడియాలజీ విభాగంతో కలిసి పనిచేసే గైడ్ ఉంటే నానో కోర్సైనా సరే.

ఒక మాట కటువుగానే చెబుతాను. మీ ఉత్తరంలో బంధువుల పిల్లల జీతాలున్నాయి గానీ, అమ్మాయికి ల్యాబ్‌లో ఏ పని ఇష్టమో ఒక్క ముక్క లేదు. మీరు అడగాల్సింది నన్ను కాదు, తననే. ఈ సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో ఒకే బ్యాచ్‌ను పదేపదే చేసి, ప్రతిసారీ సైజు కొలవమనండి. ఆ పని విసుగనిపించకపోతే పీహెచ్‌డీకి అడ్డు చెప్పకండి.