ఫైర్‌వాల్ లాగ్‌లు నేరుగా పంపొచ్చా?

ప్రశ్న: మా ఆఫీసు లినక్స్ సర్వర్ల లాగ్‌లు (ఏం జరిగిందో రాసుకునే రికార్డులు), ఫైర్‌వాల్ లాగ్‌లు స్ప్లంక్‌లోకి (లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి వెతికే సాఫ్ట్‌వేర్) తేవాలి. ఏ పద్ధతి మంచిదండీ? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సర్వర్ల సంగతి తేలికే. ఒక్కోదాంట్లో యూనివర్సల్ ఫార్వర్డర్ (లాగ్‌లను చదివి స్ప్లంక్‌కి పంపే చిన్న ప్రోగ్రాం) వేసి, ఏ ఫైళ్లు చదవాలో చెప్పండి. స్ప్లంక్ వైపు సాధారణంగా 9997 పోర్టు తెరుస్తారు. మధ్యలో నెట్‌వర్క్ తెగినా, ఫార్వర్డర్ ఆగిన చోటునుంచే మళ్లీ చదువుతుంది.

నా టెన్షనంతా ఫైర్‌వాల్ గురించే. దాని సిస్‌లాగ్‌ను (అది బయటకు పంపే లాగ్ సందేశాలను) యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) 514 పోర్టు మీద నేరుగా స్ప్లంక్‌కి పంపకండి. స్ప్లంక్ రీస్టార్ట్ అయ్యే కాసేపట్లో వచ్చినవి పోయినట్టే, యూడీపీ మళ్లీ పంపదు. సరిగ్గా అప్పుడే ఎవరైనా చొరబడితే ఆనవాలే దొరకదు! మధ్యలో ఆర్‌సిస్‌లాగ్ (సిస్‌లాగ్ సందేశాలను అందుకునే ప్రోగ్రాం) సర్వర్ పెట్టి ఫైల్లోకి రాయించండి. ఆ ఫైలును ఫార్వర్డర్ చదువుతుంది.

మీ సొంత యాప్‌లుంటే హెచ్‌ఈసీ (హెచ్‌టీటీపీ ఈవెంట్ కలెక్టర్, యాప్‌లు నేరుగా స్ప్లంక్‌కి పంపే మార్గం) టోకెన్, అంటే అనుమతి కీ, తీసుకుని 8088 పోర్టుకి పంపించండి.