రంగులు తర్వాత వేయిద్దువుగాని

చిరంజీవి అమ్మాయికి,

హెడ్‌మిస్ట్రెస్‌గా చేరానని రాసిన ఉత్తరం చూసి ఎంత సంతోషించానో! బడికి రంగులు, కంప్యూటర్లు, ఇంగ్లీషు క్లాసులు అంటూ పెద్ద జాబితానే పంపావు. అవన్నీ చేద్దువుగాని. ముందు ఓ వారం ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించు.

నేనీ పని చాలా ఆలస్యంగా చేశాను. మా బడిలో ఒక పిల్లాడు పాఠం గడగడా చదివేవాడు. ఒకరోజు దగ్గరగా చూస్తే నోరు మూడో పేరాలో ఉంది, వేలు ఇంకా మొదటి పేరా మీదే. మొత్తం బట్టీ! అదే పాఠంలోని ఒక్క మాట కాగితం మీద రాసిస్తే నా మొహం కేసి చూశాడు. నాలుగేళ్లుగా వాడికి పాస్ మార్కులు వేసింది మేమే.

ఇది ఒక్క బడి గొడవ కాదు. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది చిన్న కథ కూడా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2019లో ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అప్పటికి కోవిడ్ ఇంకా రాలేదు. సిలబస్ అయిందా అని అడిగేవాళ్లే గాని, ఎవరికి ఎంత వచ్చిందని అడిగేవాళ్లు లేరు.

అందుకని రోజుకో గంట తరగతుల సంగతి మర్చిపో. అక్షరాలు రానివాళ్లు ఒకచోట, కూడబలుక్కుని చదివేవాళ్లు ఒకచోట, కథ చదవగలిగేవాళ్లు ఇంకోచోట. చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి పెద్దవాడు సిగ్గుపడతాడు, పుస్తకాలు పంచే పని వాడికి అప్పజెప్పు. నెలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చు. మార్చకపోతే మొద్దు అనే పేరు వాడికి స్థిరపడిపోతుంది. అక్షరాలు రాని గుంపును మీ బడిలో అందరికంటే బాగా చెప్పే టీచరుకివ్వు. మనం ఎప్పుడూ తలకిందులుగా చేస్తాం, మంచి టీచర్లను పై తరగతులకు పంపేస్తాం.

నీ టీచర్ల మీద మాత్రం కేకలెయ్యకు. రిజిస్టర్లకీ, రిపోర్టులకీ వాళ్ల టైమెంత పోతోందో చూసి, నీ చేతిలో ఉన్నంతవరకు తగ్గించు. తల్లిదండ్రుల్ని ఫిర్యాదులు చెప్పడానికి కాకుండా పిల్లలు చదువుతుంటే వినడానికి పిలువు.

టీచర్లు చాలకపోతే పైవాళ్లను అడగాల్సిందే. అమెరికాలోని టెన్నెస్సీలో 1985లో మొదలైన స్టార్ అనే ప్రయోగంలో, 22–25 మంది ఉన్న తరగతుల కంటే 13–17 మంది ఉన్న తరగతుల్లో చిన్నపిల్లలు బాగా నేర్చుకున్నారు. ఆ మాట చెప్పు, కానీ పక్కన మీ పిల్లల చదువు లెక్క కూడా పెట్టు. ఉత్త అర్జీ అయితే ఫైల్లోనే ఉండిపోతుంది.

అన్నట్టు, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లున్నాయో లేదో, తలుపుకు గడియ పడుతుందో లేదో రేపే చూడు.

వారం తర్వాత ఎంతమందికి చదవడం వచ్చో అంకె రాసి పంపు. తక్కువొచ్చినా దాచకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు