బొట్టు, ఇక్కత్ చున్నీ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. ఆగస్టులో ఎమ్మెస్ కోసం చికాగో వస్తున్నా. పంజాబీ డ్రెస్సులు, బొట్టుబిళ్లలు ఇంట్లనే వదిలెయ్యి, అక్కడ జీన్స్, హుడీలే నడుస్తయని సీనియర్లు అంటున్నరు. నిజమేనా?

జవాబు: డ్రెస్సులు తెచ్చుకో చెల్లె. నాలుగైదు చాలు, కానీ నీకు బాగా నచ్చినవే తెచ్చుకో. జీన్స్, హుడీల్లో తప్పేం లేదు, నేనూ వేసుకుంటా. నలుగురిలో కనపడొద్దని వాటిలో దాక్కోవడం చూస్తేనే నాకు బాధ. ఊళ్లో పచ్చ, ఎరుపు చున్నీలతో కాలేజీకి పోయిన పిల్ల ఇక్కడికొచ్చి నలుపు, బూడిద రంగు తప్ప ముట్టుకోదు. మెల్లగా క్లాసులో నోరు విప్పడం కూడా తగ్గిస్తుంది. ఈ రెంటికీ సంబంధం ఉందని నా గట్టి నమ్మకం.

చలికి మాత్రం లొంగాల్సిందే. జనవరిలో చికాగోలో సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి పోయే రోజులూ ఉంటాయి. ఒంటికి థర్మల్ (వెచ్చటి లోపలి బట్టలు), పైన కుర్తా, ఆ పైన ఉన్ని స్వెటర్, బయటికి గాలి చొరని కోటు. పెద్ద కోటు ఇక్కడే కొనుక్కో. ల్యాబ్‌లో చున్నీ వద్దు, కాళ్లు పూర్తిగా మూసే బూట్లే వేసుకోవాలి.

ఆఫీసుకు, ప్రెజెంటేషన్లకు పోచంపల్లి ఇక్కత్ కుర్తా, నల్ల ప్యాంటు, పైన బ్లేజర్ ఎంతో హుందాగా ఉంటాయి. కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడు. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి వెనకవైపు కూడా రంగు అంతే నిండుగా ఉంటుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. వెనక వెలిసిపోయినట్టుంటే అది ప్రింటే. దొరికితే పుట్టపాక తేలియా రుమాల్ పనితనం ఉన్న చున్నీ ఒకటి తీసుకో. ఆముదపు కాయల బూడిదతో, నూనెతో నూలును పదును చేసి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో నేసే ఆ రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకు తలపాగాలుగా పోయేవి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. క్లాస్‌మేట్లు తప్పకుండా అడుగుతారు. మీ నల్గొండ వైపు మగ్గం గురించి నువ్వు చెబుతుంటే నీకు తెలియకుండానే గొంతులోకి ధైర్యం వస్తుంది.

బొట్టు సంగతి. ఇక్కడ 1964 నాటి పౌర హక్కుల చట్టం, 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో మతం పేరిట వివక్షను నిషేధిస్తుంది. నమ్మకంతో పెట్టుకునే బొట్టు, కట్టుకునే తలపాగా, హిజాబ్ లాంటివీ దాని కిందికే వస్తాయి. పెట్టుకోవాలనిపిస్తే నిక్షేపంగా పెట్టుకో. వద్దనిపిస్తే మానెయ్యి, అందుకు మన వాళ్లెవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

గద్వాల చీర ఒకటైనా పెట్టెలో పెట్టుకో. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు కాబట్టి పండగపూట రోజంతా కట్టుకున్నా బరువనిపించదు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో బట్టలు డ్రయర్లో వేస్తారు, మన నూలు బట్టలు అందులో వేస్తే కుంచించుకుపోతాయి. చల్లటి నీళ్లలో విడిగా ఉతికి గదిలోనే ఆరేసుకో. టైలర్‌కు ఇచ్చేటప్పుడు లోపల థర్మల్ పట్టేలా చంకల దగ్గర, చేతుల దగ్గర కాస్త వదులుగా కుట్టమను, కుట్టు పక్కన గుడ్డ కూడా మిగల్చమను. ఇక్కడ ఆల్టరేషన్‌కు బాగా గుంజుతారు.