ఆమెన్ అనగానే టెన్షన్ మళ్లీ ఎందుకొస్తోంది?

విశ్వాసం తక్కువై కాదు బ్రదర్. పిల్లల ఫీజు, అప్పు, వచ్చే ఏడాది ఉద్యోగం అన్నీ ఒకే ప్రార్థనలో మోస్తున్నారు, అందుకే ఆమెన్ అన్నాక కూడా టెన్షన్ పోవట్లేదు.

బైబిల్లో నిర్గమకాండము 16 చూడండి. మన్నా, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, ఏ రోజుకారోజే, మనిషికి ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత). విశ్రాంతి దినానికి ముందు రోజు తప్ప, మర్నాటికి దాచితే పురుగు పట్టింది.

1. పొద్దున ఈ రోజు అవసరం ఒక్కటే అడగండి. ఫీజు వాయిదాల గురించి స్కూల్లో మాట్లాడే ధైర్యం, అంతే.
2. రాత్రి, ఆ రోజు అందింది ఒక్క లైనులో రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. అడిగింది గుర్తుంటుంది, అందింది మరిచిపోతాం. తరతరాలు చూడాలని ఒక ఓమెరు మన్నా దాచమన్నది కూడా దేవుడే. నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను రాసుకున్న "పక్కింటి అక్క క్యారేజీ తెచ్చింది" అన్న లైను నన్ను ఇప్పటికీ నిలబెడుతోంది.
3. టెన్షన్ వస్తే ముందు ఆ లైన్లు చదవండి, తర్వాత ప్రార్థించండి.