తీతువు అరిస్తే వెనక్కి తిరుగు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు రేపట్నుంచి తెల్లారకుండానే లేచి చెట్లూ పిట్టలూ చూడ్డానికి పోతుందట, నీ పిచ్చి దానికీ పట్టింది" అన్నాడు. వాడు దెప్పాడు గానీ నేను మురిసిపోయాను. ఆ తర్వాత టెన్షన్‌తో నిద్రే పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. పొద్దున్నే వెళ్లు, ఎండ ముదరకముందే ఇంటికొచ్చెయ్. నీళ్లు పట్టుకెళ్లు. బూట్లు వేసుకో. రాళ్ల కుప్పల్లో, పుట్టల్లో, తొర్రల్లో చెయ్యి పెట్టకు. పాముల సంగతి పదిసార్లు చెప్తాను, విసుక్కోకుండా పదిసార్లూ విను.

రోజుకో చోటికి పరిగెత్తకు, ఒక చెట్టు పట్టుకో. చెట్లలో వచ్చే మార్పుల్ని మనలాంటి మామూలు జనం చేత రాయించే సీజన్‌వాచ్ వాళ్లు అడిగేదీ అదే. ఎంచుకున్న చెట్టునే వారం వారం చూసి చిగుళ్లు, పూలు, కాయలు అసలు లేవా, కొన్నే ఉన్నాయా, బాగా ఉన్నాయా అని రాయాలి. నన్నడిగితే మోదుగ చూడమంటాను. ఆకు రాలిన కొమ్మల మీద నల్లటి మఖమల్ తొడిమల్లోంచి చిలక ముక్కులాంటి పూలు విచ్చుకుంటాయి. ఫొటో తీసుకుని వచ్చెయ్యకు, దూరంగా ఓ అరగంట కూర్చో. తేనెపిట్టలు, గోరింకలు, ఉడతలు ఎవరి వంతు వాళ్లు వస్తారు. అన్నట్టు, కూసే కోకిల మగది, నల్లగా ఉంటుంది. ఆడదానికి గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలు. నీ పుస్తకంలో "కోకిలమ్మ పాడింది" అని కనబడిందో, చెవి మెలిపెడతాను.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు నీ వయసే. మార్చి నెలాఖరు, కుంట పక్కన రాళ్ల నేల. రెండు తీతువులు నా తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. అంతలా అరుస్తున్నాయంటే గూడు దగ్గర్లోనే ఉందన్నమాట అని పొంగిపోయి, అడుగులో అడుగేసుకుంటూ వెతికాను. దొరికింది. గూడంటే ఏముంది, నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు. నాలుగు గుడ్లు, సన్న కొసలు లోపలికి పెట్టి సర్దినట్టున్నాయి. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. చూపు పక్కకి తిప్పితే మళ్లీ వెతుక్కోవాల్సిందే. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది.

దాన్ని మళ్లీ అక్కడే పెట్టేసి, పది అడుగుల దూరంలో కూర్చుని బొమ్మ గీయడం మొదలుపెట్టాను. మిట్టమధ్యాహ్నం. గంటన్నర కూర్చున్నాను. మధ్యలో ఒక పిట్ట కిందికి దిగి, నాలుగడుగులు నడిచి, నన్ను చూసి ఆగి, మళ్లీ లేచిపోయింది. దాని పొట్ట ఈకలు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. "స్నానం చేసొచ్చినట్టుంది" అని రాసుకున్నాను, ఎంత తెలివో చూడు! ఎండకి గుడ్లు ఉడికిపోకుండా తీతువులు పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటాయని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అది నీళ్లు మోసుకొస్తే నేను దారికడ్డంగా కూర్చున్నాను.

28 నుంచి 30 రోజుల్లో పిల్లలవుతాయని లెక్కపెట్టుకుని వెళ్లాను. గుడ్లు నాలుగూ అలాగే ఉన్నాయి. పిట్టలు లేవు. మనిషి చెయ్యి తగిలితే ఆ వాసనకి పక్షి గూడు వదిలేస్తుందని అందరూ అంటారు, నేనూ కొన్నాళ్లు అదే అనుకున్నాను. వాసన కాదే పిచ్చిదానా, నా గంటన్నర. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూటినీ గుడ్లనీ కదిలించడాన్ని వేట కిందే లెక్కేస్తుంది. మొదటిసారి ఆ లైను చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

నీ చేతిలో పెన్సిల్ కాదు, ఫోన్ ఉంది. ఫొటో బాగా రావాలంటే పిట్టకి ఇంకా దగ్గరికెళ్లాలి, నా భయమల్లా అదే. తల మీద పిట్ట అరిస్తే వెతకొద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరిగి, అది అరుపు ఆపేదాకా నడువు. గూడు ఫలానా చోట ఉందని గ్రూపుల్లో పెట్టకు. నీ మీద నమ్మకం లేక కాదమ్మా, ఆ వయసులో నేనెలా ఉన్నానో నాకు తెలుసు కాబట్టి.

నా బైనాక్యులర్స్ మీ నాన్న చేత పంపిస్తున్నాను. కుడి కన్ను వైపు తిప్పేది బిగుసుకుపోయింది, బలవంతం చెయ్యకు. దాంతో పాటు పాత నోట్‌బుక్కూ పెట్టాను. తీతువు బొమ్మ మధ్యలో ఎక్కడో ఉంటుంది, కాళ్లకి పసుపు రంగు వెయ్యకుండా వదిలేశాను.

మీ అత్త